కుక్క పిల్లిని ‘వర్రీ’ చేయడమేమిటి? ఆ మాటకి అసలు అర్థం ఏది?

మీ ప్రశ్న చదివాను. మూడో తరగతి చదివే మీ పాప ‘జాక్ కట్టిన ఇల్లు’ అనే ఇంగ్లీషు గేయం బట్టీపడుతోంది. అందులో ఎలుక మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) తింటుంది, పిల్లి ఎలుకని చంపుతుంది, తర్వాత కుక్క వచ్చి పిల్లిని ‘వర్రీడ్’ అని ఉంది. ‘కుక్క పిల్లి గురించి ఎందుకు దిగులుపడింది నాన్నా?’ అని పాప అడిగితే మీకు జవాబు తోచలేదు. బడిలో అడిగితే అచ్చుతప్పేమో అన్నారని రాశారు. అది అచ్చుతప్పేనా, కాకపోతే ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని మీ ప్రశ్న.

అచ్చుతప్పు కాదు. ఆ కుక్క దిగులేమీ పడలేదు. పిల్లిని నోట కరిచి అటూ ఇటూ విదిలించింది. వర్రీ అనే క్రియకి మొట్టమొదటి అర్థం గొంతు నులమడం. తర్వాత కుక్కో తోడేలో గొంతు పట్టి చీల్చడం అయింది. ఆ తర్వాత మనిషి మనిషిని వేధించడం. మనకి తెలిసిన ‘దిగులుపడటం’ వీటన్నిటికంటే చిన్నది, దాని వయసు 160 ఏళ్ళకి కాస్త అటూ ఇటూ. మీ పాప చదివే గేయం 1755లోనే అచ్చయింది. అప్పటికి కొత్త అర్థం పుట్టనే లేదు.

నేను ముప్పై ఏళ్ళకి పైగా డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను, అనువాదాలూ చేశాను. ఈ మాట దగ్గర తడబడినవాళ్ళని చాలామందిని చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మనం ఎందుకు తడబడతామో చెప్పాలి. వర్రీ అన్న మాట తెలుగులోకి కూడా వచ్చేసింది. ‘వర్రీ అవ్వకు, నేనున్నాను కదా’ అని ఇంగ్లీషు రానివాళ్ళూ అంటారు. అయితే ఆ మాటని దాని అర్థాలన్నిటితో కలిపి తెచ్చుకోలేదు, చిట్టచివరి అర్థం ఒక్కటే తెచ్చుకున్నాం. అందువల్ల పాత వాక్యంలో ఆ మాట ఎదురైనా మన చెవికి దిగులే వినిపిస్తుంది. ఓసారి అనువాదం పరీక్షలో ‘కుక్క ఎముకని వర్రీ చేస్తోంది’ అన్న అర్థం వచ్చే వాక్యం ఇచ్చాను. తరగతిలో సగానికి పైగా ‘కుక్క ఎముక కోసం బాధపడుతోంది’ అని రాశారు. వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకి తెలిసిన అర్థం పెట్టి వాక్యాన్ని సరిచేసుకోవాలని చూశారు, అంతే.

మీ పాప గేయం మన ఏడు చేపల కథ లాంటి గొలుసుకథ. ఒక్కో కొక్కెం ముందుదాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఎలుక తింది, పిల్లి చంపింది, కుక్క ఏదో చేసింది, వంకర కొమ్ము ఆవు ఆ కుక్కని కొమ్ములతో ఎగరేసింది. వరసగా అన్నీ ఒకదాన్నొకటి హింసించే పనులే. మధ్యలో కుక్క ఒక్కటే కూర్చుని దిగులుపడితే గొలుసు తెగిపోతుంది. మీ పాపకి అనుమానం అక్కడే వచ్చింది చూడండి! కథ నడక పట్టుబడిన పిల్లలకే వచ్చే అనుమానం అది.

ఇక మూలం సంగతి. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఈ క్రియ రూపం ‘వ్యుర్గన్’. అర్థం గొంతు నులిమి చంపడం. జర్మన్‌లో దీని తోబుట్టువు ‘వ్యుర్గెన్’ ఇప్పటికీ అదే అర్థంతో బతికుంది. డచ్‌లో కూడా అంతే. అక్కచెల్లెళ్ళలో ఇద్దరు పుట్టింట్లోనే ఉండిపోయారు, ఇంగ్లీషు మాట ఒక్కటే ఊళ్ళు తిరిగింది.

గన్ అన్న చివరి భాగం ఏమైందని అడగొచ్చు. ఆ గకారం కాలక్రమంలో మెత్తబడి యకారంగా మారి, చివరికి ఇకారంగా మిగిలింది. ‘పాతిపెట్టడం’ అనే అర్థమున్న ‘బెరీ’ కూడా ఇలా వచ్చినదే, దాని పాత రూపం ‘బ్యుర్గన్’. ఈ రెండు మాటల స్పెల్లింగూ పలుకుబడీ పొసగకపోవడానికి కారణం కూడా ఒకచోటే ఉంది. వ్యు, బ్యులలో ఉన్న పాత అచ్చు ఇంగ్లండ్‌లో ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా మారింది. ఒకచోట ఇ, ఒకచోట ఎ, పడమటి వైపు ఉ. ‘బెరీ’ పడమటి వాళ్ళ స్పెల్లింగుతో, ఆగ్నేయాన ఉన్న కెంట్ ప్రాంతం వాళ్ళ పలుకుతో స్థిరపడింది. ‘వర్రీ’ పడమటి పలుకే ఉంచుకుంది. మరి యు ఉండాల్సిన చోట ఓ ఎందుకు రాస్తున్నారంటే, చేతిరాత కాలంలో డబ్ల్యు పక్కన యు రాస్తే నిలువు గీతలన్నీ కలిసిపోయి చదవడానికి కష్టమయ్యేది. అందుకని రాయసగాళ్ళు ఓ పెట్టారు. ‘వండర్’లో ఓ ఉండటానికీ కారణం ఇదే. కాబట్టి ఇది ‘సారీ’తో ప్రాస కుదిరే మాట కాదు. ‘వొర్రీ’ అనకుండా ‘వర్రీ’ అని మనవాళ్ళు పలికేదే సరైనది. ఈ ఒక్క విషయంలో తెలుగు నోటికి దిద్దుబాటు అక్కర్లేదు.

గొంతు నులమడమనే అర్థం స్కాట్లండ్‌లో చాలాకాలం నిలిచింది. అక్కడ 1563లో మంత్రగత్తెల మీద చట్టం వచ్చింది. ఆ కేసుల్లో శిక్ష పడినవాళ్ళని మామూలుగా ముందు కొయ్యకి కట్టి గొంతుకి ఉరి బిగించి చంపి, తర్వాత శవాన్ని తగలబెట్టేవారు. ఆ తీర్పుల్లో ‘కొయ్య దగ్గర వర్రీ చేసి, ఆపైన కాల్చాలి’ అన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. 1591లో ఎడిన్‌బరోలో ఆగ్నెస్ శాంప్సన్ అనే మంత్రసానిని అలాగే చంపారు. చేతబడి పేరు చెప్పి ఆడవాళ్ళ ప్రాణాలు తీయడం మన ఊళ్ళకీ తెలియనిది కాదు. తరగతిలో ఆ సంగతి చెబుతుంటే నాకు ప్రతిసారీ నోట మాట ఆగేది. ఒక మనిషి మెడ చుట్టూ బిగిసిన తాడుకి వాడిన క్రియనే మనం ఇవాళ ‘పరీక్ష ఫలితాల గురించి వర్రీగా ఉంది’ అని వాడుతున్నాం.

స్కాట్లండ్‌లోనే తిండి గొంతుకి అడ్డంపడి పొలమారడాన్ని కూడా వర్రీ అనేవారు. ఆవునంతా తినేసి తోక దగ్గర గొంతుకి అడ్డం తెచ్చుకోవడం సిగ్గుచేటని వాళ్ళకో సామెత ఉంది. పెద్ద పని పూర్తిచేసి చివరి చిన్న ముక్క దగ్గర చతికిలబడేవాళ్ళని అలా అంటారు.

ఇంగ్లండ్‌లో మాత్రం మాట చేతుల్లోంచి కోరల్లోకి మారింది. తోడేలైనా వేటకుక్కైనా గొర్రెని చంపేటప్పుడు ముందు పట్టేది గొంతే కదా. అలా 1300 ప్రాంతం నాటికి ‘గొంతు నులమడం’ కాస్తా ‘గొంతు కరిచి చంపడం’ అయింది. తర్వాత గొంతు కూడా పక్కకి పోయి, పళ్ళతో పట్టి విదిలించడం, చీల్చడం మిగిలింది. షేక్‌స్పియర్ 1590లలో రాసిన మూడో రిచర్డ్ నాటకంలో ఒక వృద్ధరాణి రిచర్డ్‌ని కుక్కతో పోలుస్తుంది. కళ్ళు తెరవకముందే పళ్ళొచ్చిన కుక్కట, గొర్రెపిల్లలని వర్రీ చేసి నెత్తురు తాగడానికట. అక్కడ దిగులు అర్థం పెట్టుకుని చదివితే ఆ రాణి శాపం మొత్తం చల్లబడిపోతుంది.

శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చింది కూడా 1755లోనే, మీ పాప గేయం అచ్చయిన ఏడే. అందులో ఈ క్రియకి రెండే అర్థాలున్నాయి. మృగం తన ఎరని చీల్చినట్టు చీల్చడం ఒకటి, క్రూరంగా వేధించడం రెండోది. దిగులు ఊసే లేదు. బడిలో ఎవరైనా ఇంకా అచ్చుతప్పు అంటే ఈ ఒక్క ముక్క చూపిస్తే చాలు.

పాత అర్థం పోయిందనుకోకండి. కొన్నేళ్ళ కిందట మా అబ్బాయి దగ్గరికి మాంచెస్టర్ వెళ్ళినప్పుడు ఓ ఆదివారం పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోకి నడకకి వెళ్ళాం. పొలం గేటుకి ఒక బోర్డు ఉంది: కుక్కలని తాడుతో పట్టుకోండి, గొర్రెలని వర్రీ చేసే కుక్కని కాల్చేస్తాం అని. గొర్రెలకి దిగులు కలిగిస్తేనే కాల్చేస్తారా అని మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు. బ్రిటన్‌లో పశువుల రక్షణ కోసం 1953లో చేసిన చట్టంలో నేరం పేరే ఈ మాట. ఆ చట్టం చేసినప్పటి లెక్కలో వర్రీ అంటే కుక్క పశువుల మీద పడటం, లేదా వాటికి దెబ్బలు తగిలేలా, చూడి గొర్రెలు ఈసుకుపోయేలా తరమడం. గొర్రెలున్న పొలంలో కుక్కని అదుపు లేకుండా వదిలేసినా అందులోకే వస్తుంది. అక్కడ చదువుకునే మన పిల్లలు ఈమధ్య కుక్కలని పెంచుకుంటున్నారు. ఆ బోర్డుని ‘గొర్రెలు కంగారుపడతాయి’ అని తేలిగ్గా తీసుకుంటే ఇబ్బందిలో పడతారు.

ఇప్పుడు అసలు మలుపు. కోరల నుంచి మనసుకి ఈ మాట ఎలా వచ్చింది? దీనికి ఇంగ్లీషు పుస్తకాలు తిరగేయక్కర్లేదు, మన ఇళ్ళలోనే జవాబుంది. ‘సెల్‌ఫోన్ కావాలని వాడు నన్ను పీక్కుతింటున్నాడు’ అంటాం. పీక్కుతినడం రాబందుల పని, కుక్కల పని. అక్కడ ఎవరి ఒళ్ళూ చీలలేదు, రక్తం రాలేదు. పక్కన చేరి వదలకుండా సతాయించడం ఉంది, అంతే. ‘బుర్ర తినకు’, ‘ప్రాణం తోడేస్తున్నాడు’, ‘వేపుకు తింటున్నారు’ అనేవన్నీ ఇలాంటివే. సంస్కృతంలో ‘పీడ్’ అనే ధాతువుకి నొక్కడం, పిండటం అని అర్థం. దాన్నుంచి వచ్చిన పీడించడం మనకి బాధపెట్టడమే అయింది. పీడకలలో కూడా గుండె మీద ఎవరో కూర్చుని నొక్కినట్టే ఉంటుంది.

ఇంగ్లీషులోనూ వేటకుక్కల దగ్గర నుంచి ఇలాంటి మాటలు చాలా వచ్చాయి. వేటకుక్క పేరు ‘హౌండ్’ క్రియగా మారితే వెంటపడి వేధించడం. కుక్కలని ఉసిగొల్పి చంపించే జంతువు ‘బ్యాడ్జర్’ పేరు క్రియగా మారితే సతాయించడం. వర్రీ కూడా 16, 17 శతాబ్దాల్లో ఈ దారే పట్టింది. మాటలతో మీద పడటం, తర్వాత విసిగించడం, ఊపిరి సలపనివ్వకపోవడం. ఇక్కడిదాకా పని చేసేది పగవాడో అప్పులవాడో, ఎవరో ఒకరు బయటివాళ్ళు.

19వ శతాబ్దం మొదటి పాతికేళ్ళలో చేసేవాళ్ళు మనుషులే కానక్కర్లేదన్న పరిస్థితి వచ్చింది. అప్పు, జబ్బు, కొడుకు నుంచి రాని ఉత్తరం కూడా మనిషిని వర్రీ చేయొచ్చు. తర్వాత 1860 ప్రాంతంలో ఇంకో అడుగు. ‘అది నన్ను వర్రీ చేస్తోంది’ అన్న వాక్యంలోంచి ‘అది’ జారిపోయి ‘నేను వర్రీ అవుతున్నాను’ మిగిలింది. గురజాడ 1862లో పుట్టారు. మనం రోజూ వాడే ఈ అర్థానిది దాదాపు ఆయన వయసే.

ఈ చివరి అడుగు తెలుగువాళ్ళకి తొందరగా అర్థం కావాలి. బాధపెట్టు, బాధపడు అని మనకి రెండు క్రియలున్నాయి. భయపెట్టు, భయపడు. ఇబ్బందిపెట్టు, ఇబ్బందిపడు. చేసేవాడికి ‘పెట్టు’, అనుభవించేవాడికి ‘పడు’. ఇంగ్లీషులో చాలా క్రియలకి ఈ గుర్తు లేదు, రెండు పనులకీ ఒకటే రూపం. వర్రీ కొన్ని వందల ఏళ్ళు ‘పెట్టు’ క్రియగా బతికి, చివర్లో ‘పడు’ క్రియ అయింది. నా విద్యార్థులకి ఇన్ని శతాబ్దాల చరిత్రా చెప్పే తీరిక లేకపోతే ఈ ఒక్క వాక్యమే చెప్పేవాణ్ణి.

మరి 1860కి ముందు ఇంగ్లీషువాళ్ళు దిగులుపడలేదా అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పడ్డారు, దానికి వేరే మాటలుండేవి. ‘కేర్’ అనేవారు. ఇంకొకటి, 1611 నాటి బైబిల్లో మత్తయి సువార్త 6వ అధ్యాయంలో రేపటి గురించి దిగులొద్దని చెప్పే చోట ‘థాట్ తీసుకోవద్దు’ అని ఉంటుంది. మాట ప్రకారం చూస్తే ఆలోచన పెట్టుకోవద్దని. అప్పట్లో థాట్ అంటే దిగులు కూడా. ఇప్పటి ఇంగ్లీషు బైబిళ్ళు చాలావాటిలో ఆ చోటే ‘వర్రీ’ వచ్చి కూర్చుంది. మన తెలుగు బైబిలు ఆ వాక్యాన్ని ‘చింతింపకుడి’ అంటుంది. చింత అన్నా సంస్కృతంలో మొదట ఆలోచనే. చింతనలో ఇంకా ఆలోచనే ఉంది, చింతలో మాత్రం దిగులే మిగిలింది. రెండు భాషల్లోనూ ఆలోచనే దిగులైంది. చితి చచ్చినవాణ్ణి కాలుస్తుంది, చింత బతికున్నవాణ్ణి కాలుస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

దిగులు కంటికి కనబడదు, అందుకే భాషలు దాన్ని ఒంటికి జరిగే దేనితోనో పోల్చి చెబుతాయి. ఆందోళన అంటే సంస్కృతంలో ఊగడం. మనసు ఉయ్యాలలా ఊగితే అది మన ఆందోళన, జనం ఊగితే ధర్నా చేసే ఆందోళన. టెన్షన్ లాటిన్‌లో సాగదీయడం, బిగించడం. కలత తెలుగు మాట, నీళ్ళు కలగడం లాంటిది. ఇంగ్లీషు ‘యాంగ్జయిటీ’ లాటిన్‌లో గొంతు నొక్కడమనే క్రియ నుంచి వచ్చింది. దాని దూరపు చుట్టం మన దగ్గరా ఉంది: అంహస్సు. వేదంలో ఇరుకు, కష్టం అనే అర్థం, అమరకోశం నాటికి పాపానికి పర్యాయపదం. యాంగ్జయిటీకీ వర్రీకీ ధాతువులో బంధుత్వం లేదు. రెండూ వేర్వేరు దారుల్లో గొంతు దగ్గరికే చేరాయి. గొంతులో వెలక్కాయ పడ్డట్టుందని మనం అనడం లేదా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘వర్రీ అంటే గొంతు నులమడం కాబట్టి, దిగులుపడితే నీ గొంతు నువ్వే నులుముకుంటున్నట్టు’ అని వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కానీ నేను ఒప్పుకోను. ఒక మాటకి వెయ్యేళ్ళ కిందట ఉన్న అర్థం ఇవాళ్టి మనిషి మనసు గురించి ఏ రుజువూ ఇవ్వదు. పాత అర్థం అసలు అర్థం కాదు, ముందొచ్చిన అర్థం, అంతే. నిద్రపట్టని మనిషికి కావాల్సింది డాక్టరు, పక్కన కూర్చునే మనిషి. పదచరిత్ర కాదు.

చదివేటప్పుడు ఏ అర్థమో తేల్చుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఒకటే. ఎవరు ఎవరిని చేస్తున్నారో చూడండి. చేసేది కుక్కో తోడేలో అయి, ఎదురుగా గొర్రో పిల్లో ఎముకో ఉంటే అది పళ్ళ పని. చేసేది కష్టమో కబురో అయితే బాధపెట్టడం. ఎదుటివాళ్ళు లేకుండా మనిషి ఒక్కడే ఉంటే దిగులుపడటం. ఈ మూడింటికీ లొంగనిది ఇంకోటి తరచు కనబడుతుంది, ‘యాట్’ చేర్చి వాడేది. కదిలే పన్నుని పిల్లలు నాలుకతో ఊరికే కదుపుతూ ఉంటారు చూడండి, దాన్ని కూడా పన్ను దగ్గర వర్రీ అనే అంటారు. ఒక చిక్కుప్రశ్నని వదలకుండా పట్టుకుని ఎటునుంచి తెగుతుందా అని కెలకడానికీ అదే. ఎముకని పట్టిన కుక్కే అక్కడా ఉంది, దిగులు కాదు. ఒక అనువాదంలో ‘శాస్త్రవేత్త ఆ సమస్య గురించి ఏళ్ళ తరబడి కుమిలిపోయాడు’ అని రాసి ఉంటే, ‘ఏళ్ళ తరబడి ఆ సమస్యని పట్టుకు వదల్లేదు’ అని దిద్దాను. మొదటి వాక్యంలో ఓడిపోయిన మనిషి కనిపిస్తాడు. మూలంలో ఉన్నది పట్టుదల గల మనిషి.

మీ పాపకి ఈ శతాబ్దాల గొడవంతా చెప్పక్కర్లేదు. వీధికుక్క పాత చెప్పు దొరికితే నోట కరిచి తల అటూ ఇటూ విదిలించడం తను చూసే ఉంటుంది. ‘అదుగో, అదే వర్రీ’ అని చూపించండి. గేయంలో ఆ పాదాన్ని తెలుగులో అడిగితే ‘ఎలుకని చంపిన పిల్లిని పట్టి విదిలించిన కుక్క ఇదే’ అనండి. ఎనిమిదేళ్ళ పిల్ల కాబట్టి ‘మరి పిల్లి చచ్చిపోయిందా?’ అని తప్పకుండా అడుగుతుంది. గేయంలో చచ్చిపోయిందని లేదు. చంపినట్టు చెప్పింది ఎలుక సంగతి ఒక్కటే, పిల్లి దగ్గరికి వచ్చేసరికి క్రియ మారింది. కాబట్టి పిల్లి తప్పించుకుని ఇంటి కప్పెక్కి ఉండొచ్చని ధైర్యంగా చెప్పండి.